గూటిలోంచి పడిపోయిన టానీ ఫ్రాగ్‌మౌత్ పిల్ల: ఇంట్లో పెంచొచ్చా?

వెంటీ_వాసు
సిడ్నీలో వెంట్‌వర్త్‌విల్ దగ్గర ఉంటాం. పెరట్లో పెద్ద జామాయిల్ చెట్టు ఉంది. రాత్రంతా ఒకటే గాలి. పొద్దున్నే మా అమ్మాయి బయటికెళ్లి చూస్తే గడ్డిలో బూడిదరంగు దూదిముద్దలాంటి పిల్ల. పసుపు కళ్లు, మొహమంతా నోరే. చెయ్యి దగ్గర పెడితే నోరు బార్లా తెరుస్తోంది. ఫొటో పెట్టి వెతికితే టానీ ఫ్రాగ్‌మౌత్ అనే రాత్రి తిరిగే పిట్ట పిల్ల అని వచ్చింది. ప్రస్తుతానికి చెప్పుల డబ్బాలో పాత తువ్వాలు వేసి పెట్టాం. పాలలో తడిపిన బ్రెడ్ పెడితే తినలేదు. అమ్మాయి పెంచుకుందాం అంటోంది. తెనాలి నుంచి వచ్చిన మా అమ్మేమో గుడ్లగూబని ఇంట్లోకి తెస్తారా అని పొద్దుటి నుంచి టెన్షన్ పడుతోంది. దీనికి ఏం పెట్టాలి? పెంచొచ్చా? ఇంకో సంగతి, ఇంటి కప్పు మీదికి వచ్చిన కొమ్మ కొట్టించడానికి వచ్చే శనివారం మనుషుల్ని పిలిచాను. గూడు ఆ కొమ్మ మీదే ఉన్నట్టుంది.

మెల్బోర్న్_మధు
పాలు వద్దు. కీమా చిన్న చిన్న ఉండలు చేసి పెట్టండి, తింటుంది. రెండు వారాలు పెంచి ఎగరడం వచ్చాక వదిలేయండి. కింద వదిలేస్తే పిల్లి ఎత్తుకుపోతుంది.

కృష్ణవేణి_బ్రిస్బేన్
వాసు గారూ, ఏమీ పెట్టకండి. నీళ్లు కూడా నోట్లో పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి పోతే చచ్చిపోతుంది. డబ్బా మూత కొంచెం తెరిచి చీకటిగా, చడీచప్పుడూ లేని గదిలో పెట్టండి. పిల్లలు మాటిమాటికీ తీసి చూడకూడదు. ముందు మూడు సంగతులు చెప్పండి. ఎక్కడైనా రక్తం ఉందా? ఒక రెక్క వేలాడుతోందా? ఒళ్లంతా నూగేనా, రెక్కల మీద గొట్టాల్లాంటి ఈకలు పొడుచుకొస్తున్నాయా?

నేను ఆరేళ్లుగా ఇక్కడ అడవిజీవుల్ని సాకే వలంటీర్‌ని. ఏటా సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా ఈ పిల్లలే వస్తుంటాయి. వాటిలో చాలావాటికి మా అవసరమే ఉండదు. అమ్మానాన్నా అదే చెట్టు మీద ఉంటారు, మనకు కనపడరంతే.

వెంటీ_వాసు
రక్తం లేదక్కా. రెక్కలు రెండూ సమానంగానే ఉన్నాయి. గొట్టాల్లాంటివి మొదలయ్యాయి, మిగతాదంతా నూగు. చెట్టు మీద పెద్ద పిట్ట ఏదీ లేదు. అరగంట చూశాను.

నల్లమల_నాని
ఉంటుంది. పిట్ట కోసం వెతక్కండి, విరిగిన కొమ్మ కోసం వెతకండి. బెరడు రంగులో పైకి నిక్కి ఉన్న మోడు ఏదైనా కనిపిస్తే దాని అడుగున కాళ్లున్నాయేమో చూడండి.

వెంటీ_వాసు
నాని గారూ, దొరికింది! గూటి మీదే కూర్చుని ఉంది. నెల రోజులుగా రోజూ దాన్ని చూస్తూ ఎండుకొమ్మ అనుకున్నాను. ఆ ఎండుకొమ్మని చూసే కొట్టించాలనుకున్నది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తోంది.

పెర్త్_పద్మ
అయ్యో పాపం, తల్లి! పిల్ల పడిపోయినా కదలకుండా కూర్చుందా?

కృష్ణవేణి_బ్రిస్బేన్
పద్మా, పగలు గూటి మీద ఉండేది దాదాపు ఎప్పుడూ తండ్రే. గుడ్లు పొదిగేటప్పుడు పగలంతా మగపిట్ట వంతు, రాత్రి ఇద్దరూ మార్చి మార్చి కూర్చుంటారు. గుడ్డు పిల్లవడానికి నెల రోజులు పడుతుంది, ఒక రోజు అటూ ఇటూ. మామూలుగా రెండు గుడ్లు, అప్పుడప్పుడు మూడు. పిల్లలు బయటికొచ్చాక కూడా వాటిని కడుపు కింద పెట్టుకుని కూర్చుంటారు. ఎండొచ్చినా వానొచ్చినా, కింద కుక్క అరిచినా కదలరు. కదిలితే గూడెక్కడుందో కాకులకు, కాకిలాంటి కరవాంగ్ పిట్టలకు తెలిసిపోతుంది. కదలకపోవడమే వాళ్లకున్న రక్షణ. పిల్ల పడినా వెంటనే ఎగిరి రాకపోవడం పట్టించుకోకపోవడం కాదు.

పెర్త్_పద్మ
నెల రోజులు పగలంతా తండ్రేనా! ఈ పోస్టు మా ఆయనకు చదివి వినిపిస్తున్నా.

మెల్బోర్న్_మధు
మనిషి చెయ్యి తగిలిన పిల్లని తల్లి మళ్లీ దగ్గరికి రానివ్వదు కదా. మా ఊళ్లో పిచ్చుక పిల్లల్ని ముట్టుకుంటే తిట్టేవాళ్లు. మళ్లీ గూట్లో పెడితే పొడిచి చంపుతుందేమో.

నల్లమల_నాని
మధు గారూ, మా నాయనమ్మా అదే చెప్పేది. గూళ్ల జోలికి పోకుండా పిల్లల్ని ఆపడానికి మంచి మాటే, కానీ నిజం కాదు. మన చేతి వాసనకి పిట్టలు పిల్లల్ని వదిలెయ్యవు. గూడు చుట్టూ గంటల తరబడి మనుషులు తిరిగితే భయపడి దూరంగా ఉండొచ్చు. అది వేరే సంగతి.

వాసు గారి అమ్మగారితో ఒక మాట చెప్పండి. ఇది గుడ్లగూబ కాదు. 1801లో లేథమ్ అనే పక్షిశాస్త్రవేత్త పెట్టిన శాస్త్రీయ నామంలోనే స్ట్రిగాయిడిస్ అని ఉంది, అంటే గుడ్లగూబలాంటిది అని. లాంటిదే కానీ అది కాదు. గుడ్లగూబ గోళ్లతో వేటాడుతుంది, దీని కాళ్లు బలహీనం. ఏదైనా నోటితో పట్టాల్సిందే, అందుకే కప్పనోరు. గుడ్లగూబ కళ్లు ముందుకు చూస్తాయి, దీనివి పక్కలకు ఉంటాయి. గుడ్లగూబలు ఎక్కువగా తొర్రల్లో గుడ్లు పెడతాయి, ఇది కొమ్మల పంగలో నాలుగు పుల్లలు పరిచి పెడుతుంది.

రాజమండ్రి_రమణ
గుడ్లగూబే అయినా తప్పేముంది? లక్ష్మీదేవి వాహనమే కదా. పిన్నిగారిని కంగారు పడొద్దని చెప్పు వాసూ.

వెంటీ_వాసు
రమణ బాబాయ్ మాట అమ్మకి చెప్పాను. “అలా అయితే డబ్బా దేవుడి గది పక్కన పెట్టండి, అక్కడ ఎవరూ తిరగరు” అంది. ఇప్పుడు అక్కడే ఉంది.

పారమటా_ప్రసాద్
న్యూ సౌత్ వేల్స్‌లో లైసెన్స్ లేకుండా ఇక్కడి అడవి పిట్టని ఇంట్లో పెంచడం చట్టవిరుద్ధం వాసు గారూ. అడవిజీవుల్ని కాపాడే సంస్థ వైర్స్‌కి ఫోన్ చేయండి, మనిషిని పంపిస్తారు. పైసా తీసుకోరు. మా వీధిలో పాసమ్ పిల్లకి వచ్చారు.

మెల్బోర్న్_మధు
చట్టం సరే ప్రసాద్ గారూ, వాళ్లు వచ్చేలోపు ఆకలికి చస్తే? కీమా పెడితే తప్పేంటి? నేను మూడేళ్ల కిందట మాగ్‌పై అనే నలుపు తెలుపు పిట్ట పిల్లని కీమాతోనే పెంచాను.

డాక్టర్_సుధ
మధు గారూ, ఆ మాగ్‌పై కాళ్లు ఎలా ఉండేవి?

మెల్బోర్న్_మధు
కొంచెం వంకరగా నడిచేది. పుట్టుకతోనే అలా ఉందనుకున్నాం. ఎందుకు అడిగారు?

డాక్టర్_సుధ
అడిలైడ్‌లో పశువైద్యురాలిని. బాధపెట్టాలని కాదు, ఇది చదివే మిగతావాళ్ల కోసం చెప్పాలి. ఒట్టి కీమాలో కాల్షియం దాదాపు ఉండదు, ఫాస్ఫరస్ ఎక్కువ. రోజుకింత చొప్పున ఎముక పెరిగే వయసులో అదే తిండి పెడితే ఎముకలు మెత్తబడి వంగిపోతాయి, విరుగుతాయి కూడా. అలాంటి పిల్లలు ఏటా నా బల్ల మీదికి వస్తాయి. ఫ్రాగ్‌మౌత్ తల్లిదండ్రులు తెచ్చేది ఎక్కువగా పురుగూ పుట్రా: చిమ్మటలు, బొద్దింకలు, మిడతలు, సాలీళ్లు, జెర్రులు, వానపాములు, నత్తలు. అప్పుడప్పుడు చుంచు, కప్ప, బల్లి. ఎముకతో, పెంకుతో, తోలుతో సహా. అది మన వంటింట్లో దొరకదు.

ఇక ఆకలి గురించి. ఇవి రాత్రి తినే పిట్టలు. పగలు గూట్లో ఉన్నా ఏమీ తినవు. సాయంత్రం దాకా ఆగితే ఏమీ కాదు. ఒక్క జాగ్రత్త. పిల్లి నోట కరుచుకున్న పిల్లయితే గాయం కనపడకపోయినా అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. పిల్లి లాలాజలంలోని బాక్టీరియా పిట్టల్ని చాలా త్వరగా చంపేస్తుంది.

మెల్బోర్న్_మధు
ఆ మాగ్‌పై ఐదో వారంలో చనిపోయింది. మా బాబు రెండు రోజులు అన్నం తినలేదు. నేను మంచే చేస్తున్నాననుకున్నాను. పైన నేను పెట్టిన కీమా సలహా ఎవరూ పాటించకండి. చూసి నేర్చుకుంటారని దాన్ని తీసెయ్యకుండా ఉంచుతున్నాను.

కృష్ణవేణి_బ్రిస్బేన్
మధు గారూ, ఇదే తప్పు చేసి తర్వాత వలంటీర్లైనవాళ్లు మాలో చాలామంది ఉన్నారు. మీరు ఆ పిల్లని ప్రేమగా చూశారు, అందులో అనుమానం లేదు.

వెంటీ_వాసు
వైర్స్ వలంటీర్ మూడింటికి వస్తానన్నారు. పిల్లని మళ్లీ పైన పెట్టడమే మొదటి ప్రయత్నం అన్నారు. ఓ వెదురుబుట్ట ఉంటే సిద్ధంగా పెట్టమన్నారు. మా అమ్మ పువ్వుల కోసం కొన్న బుట్ట ఉంది, దాన్నే ఇస్తానంది.

కృష్ణవేణి_బ్రిస్బేన్
మంచిది. బుట్ట అడుగున సందులుండాలి, వాన నీరు నిలవకూడదు. ప్లాస్టిక్ బకెట్ అయితే అడుగున కంతలు చెయ్యాలి, లోపల నున్నగా ఉంటుంది కాబట్టి పుల్లలు నిలబెట్టాలి. పిల్ల కాళ్లకి పట్టు కావాలి. నున్నటి చోట కూర్చుంటే కాళ్లు పక్కలకు జారిపోయి అలాగే ఉండిపోతాయి.

గూడు ఎలా ఉందో కింద నుంచి ఒక ఫొటో తీసి పెట్టగలరా?

వెంటీ_వాసు
పెట్టాను చూడండి. సగం పుల్లలు కింద పడ్డాయి. మిగిలింది అరచేయంత ఉంది. రెండో పిల్ల తల తండ్రి రొమ్ము కింద కొంచెం కనిపిస్తోంది.

చెట్టుకింద
ఆ గూడు చూస్తే భయమేస్తోంది. మన గిజిగాడి గూడు ఎంత శుభ్రంగా అల్లినట్టు ఉంటుంది! ఇదేంటి, ఎవరో పుల్లలు విసిరి వెళ్లిపోయినట్టుంది.

నల్లమల_నాని
ఫ్రాగ్‌మౌత్‌ల గూడు ఎప్పుడూ అంతే. ఇద్దరూ కలిసే కడతారు, కానీ అల్లిక ఉండదు. అడ్డంగా పోయే కొమ్మ చీలిన చోట పుల్లలు పడేస్తారు, మధ్యలో నాలుగు ఆకులు. పాత గూడు ఉంటే దానికే నాలుగు పుల్లలు చేర్చి వాడుకుంటారు. కొన్నిసార్లు వేరే పిట్టలు వదిలేసిన గూడు దొరికితే అందులోనే. పెద్ద గాలికి గుడ్లూ పిల్లలూ పడిపోవడం మామూలే.

వీటి బంధువు మన దేశంలోనూ ఉంది. పడమటి కనుమల్లో, శ్రీలంకలో ఉండే శ్రీలంక ఫ్రాగ్‌మౌత్. కేరళలోని తట్టేకాడ్‌కి, పక్షిశాస్త్రవేత్త సలీం అలీ పేరు పెట్టిన అభయారణ్యానికి, నేను వెళ్లింది దాని కోసమే. గైడ్ వేలు పెట్టి చూపించినా నాకు ఐదు నిమిషాలు కనపడలేదు. రెండూ ఎండుటాకుల్లా ఒకదానికొకటి ఆనుకుని కూర్చున్నాయి. దాని గూడు పుల్లలది కాదు. ఒంటి నూగుతో చేసిన చిన్న దిండులా ఉంటుంది, పైన నాచు, బెరడు ముక్కలు అతికిస్తుంది. ఒకే ఒక్క గుడ్డు. అక్కడా పగలు కూర్చునేది మగదే.

పెర్త్_పద్మ
అంటే ఆ కుటుంబమంతా తండ్రులే మంచివాళ్లన్నమాట.

డాక్టర్_సుధ
తల్లిని తక్కువ చెయ్యకండి పద్మ గారూ. రాత్రి తనూ గుడ్ల మీద కూర్చుంటుంది, పిల్లలకు తనూ తెస్తుంది. ఇద్దరిలో ఒకరు లేకపోతే ఆ పిల్లలు బతకడం చాలా కష్టం. ఈ జంటలు ఏళ్ల తరబడి అదే తోడుతో, అదే చోట ఉంటాయి.

వెంటీ_వాసు
ఇప్పటిదాకా జరిగింది రాస్తున్నా. వలంటీర్ నిచ్చెనతో వచ్చారు. ముందు పిల్లని తలకిందులు చెయ్యకుండా రెక్కలు విప్పి చూశారు, కాళ్లు వేళ్లతో పట్టి చూశారు. దెబ్బలు లేవన్నారు. బుట్టలో అడుగున గూటి పుల్లలే పరిచి, అదే పంగలో తీగతో గట్టిగా కట్టారు. దగ్గరికి వెళ్లేదాకా తండ్రి కదల్లేదు. తను కూర్చున్న కొమ్మకి నిచ్చెన తగిలాక నోరు తెరిచి ఒక్క చప్పుడు చేసి పక్క చెట్టు మీదికి ఎగిరాడు. రెండు పిల్లల్నీ బుట్టలో పెట్టి కిందికి దిగారు. “ఇంక మీరందరూ లోపలికి వెళ్లండి, లైట్లు వెయ్యకండి” అన్నారు.

టైమ్ 5:40. తండ్రి ఇంకా పక్క చెట్టు మీదే ఉన్నాడు. రావడం లేదు.

మెల్బోర్న్_మధు
వస్తాడు. మేమంతా ఇక్కడే కూర్చున్నాం.

వెంటీ_వాసు
6:30. రాలేదు. అమ్మాయి ఏడుస్తోంది.

కృష్ణవేణి_బ్రిస్బేన్
ఇంకా వెలుగుంది వాసు గారూ. మసకచీకటి పడాలి. కిటికీ దగ్గర కూడా కదలకండి.

రాజమండ్రి_రమణ
ఏమైందిరా వాసూ?

పారమటా_ప్రసాద్
గంటైంది, ఉలుకూ పలుకూ లేదు.

వెంటీ_వాసు
వచ్చాడు!! 7:20 దాటాక. చప్పుడే లేదు, ఒక నీడ కదిలినట్టు వచ్చి బుట్ట అంచు మీద వాలాడు. చాలాసేపు లోపలికి చూశాడు. తర్వాత ఇంకొకటి వచ్చింది, కొంచెం ఎర్రమట్టి రంగులో ఉంది, నోట్లో ఏదో పురుగు. రెండు పిల్లలూ నోళ్లు తెరిచాయి. పడిపోయిన పిల్లకే ముందు పెట్టింది. ఏది ఏదో చీకట్లో నాకెలా తెలుసని అడగొద్దు, మా అమ్మాయి ఖాయంగా చెప్పింది. అమ్మ కిటికీ దగ్గర నిలబడి దణ్ణం పెట్టింది.

మెల్బోర్న్_మధు
కళ్లలో నీళ్లొచ్చాయి వాసు గారూ.

పెర్త్_పద్మ
అమ్మాయికి నా తరపున ఒక ముద్దు.

కృష్ణవేణి_బ్రిస్బేన్
హమ్మయ్య. ఎర్రమట్టి రంగులో ఉన్నది తల్లే అయ్యుంటుంది, తూర్పు వైపు ఆడవాటిలో కొన్నింటికి ఆ రంగు వస్తుంది. బుట్టని గూడుగా ఒప్పుకున్నాక ఇంక దిగులు లేదు. మీరు చెయ్యాల్సిందల్లా శనివారం వచ్చేవాళ్లకి ఫోన్ చేసి వద్దనడమే.

వెంటీ_వాసు
కొమ్మ కొట్టేవాళ్లకి ఫోన్ చేశాను. అడ్వాన్స్ తిరిగి ఇవ్వలేమన్నారు. పోతే పోనీ.

పారమటా_ప్రసాద్
మా పాత అద్దింట్లో ఎలుకల కోసమని ఓ పెస్ట్ కంట్రోల్ కంపెనీ వాళ్లు కంచె పొడుగునా మందు పెట్టి వెళ్లారు. ఏం మందో, పిట్టలకి ప్రమాదమో కాదో ఒక్క మాట చెప్పలేదు. రెండు వారాలకి పెరట్లో ఫ్రాగ్‌మౌత్ చచ్చి పడి ఉంది. మందుకీ దానికీ సంబంధం ఉందా లేదా అని ఇప్పటికీ అనుమానం. సుధ గారూ, అలా జరుగుతుందా?

డాక్టర్_సుధ
ఆ పిట్ట సంగతి పరీక్ష చెయ్యకుండా చెప్పలేను ప్రసాద్ గారూ. కానీ అలా జరుగుతుంది. ఇది పిల్లలున్న సీజన్ కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

బ్రోడిఫాకమ్, బ్రొమాడియోలోన్ లాంటి మందులు రక్తం గడ్డకట్టకుండా చేస్తాయి. తిన్న ఎలుక అప్పటికప్పుడు చావదు, కొన్ని రోజులు తిరుగుతుంది. ఆ రోజుల్లో మళ్లీ మళ్లీ తింటుంది. మత్తుగా, నెమ్మదిగా కదిలే ఎలుక ఫ్రాగ్‌మౌత్‌కి సులువుగా దొరికే వేట. ఆ మందు కాలేయంలో నెలల తరబడి ఉండిపోతుంది, ఒక్కో ఎలుకతో కొంచెం కొంచెం పేరుకుంటుంది. బొద్దింకలూ నత్తలూ కూడా ఆ మందు తింటాయి, వాటికి ఏమీ కాదు, తిన్న పిట్టకి అవుతుంది. తండ్రి ఆ చుంచుని పిల్లకి పెడితే పిల్ల ఒంట్లోకి పోతుంది.

ఎలుకలు ఇబ్బంది పెడుతుంటే ముందు పిట్టల గింజలు, రాలిన పళ్లు, మూతలేని చెత్తడబ్బా తీసెయ్యండి. తర్వాత బోను పెట్టండి. మందు తప్పదనుకుంటే డబ్బా మీద మందు పేరు చదివి, పైన చెప్పినలాంటివి లేనిది అడగండి.

సిడ్నీ, బ్రిస్బేన్ వైపు ఇంకో జబ్బు ఉంది, ఎలుక ఊపిరితిత్తుల పురుగు. నత్తలు, స్లగ్‌ల ద్వారా వచ్చి ఫ్రాగ్‌మౌత్ వెన్నుపాము, మెదడులోకి పోతుంది. కాళ్లు పడిపోయిన పిట్ట కనిపిస్తే వట్టి చేతులతో పట్టుకోకుండా తువ్వాలు వేసి పెట్టెలో పెట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

వెంటీ_వాసు
మా షెడ్డులో ఎలుకల మందు డబ్బా ఉంది. చదివాను. బ్రోడిఫాకమే. పారేయాలంటే ఎలా? చెత్తలో వేస్తే మళ్లీ అదే కథ కదా.

పారమటా_ప్రసాద్
కౌన్సిల్ వాళ్లు రసాయనాలు తీసుకునే రోజులుంటాయి, అప్పటిదాకా తాళం వేసి ఉంచండి.

చెట్టుకింద
వారమైంది. పిల్లల సంగతేంటి వాసు గారూ?

వెంటీ_వాసు
మర్చిపోలేదు, రోజూ చూస్తున్నాం. అమ్మే ముందు వెళ్లి కుర్చీ వేసుకుంటోంది. కాఫీ కూడా అక్కడే.

ఈ వారంలో ఎంత మారిపోయాయో. నూగు మధ్యలోంచి ముదురు చారల ఈకలు వచ్చాయి. ముక్కు చుట్టూ మీసాల్లాంటి వెంట్రుకలు. ఇదివరకు కాకి అరిస్తే ముద్దలా ముడుచుకునేవి. మొన్న కాకి కొమ్మ మీద వాలగానే తండ్రి మెడ సాగదీసి ముక్కు ఆకాశానికి ఎత్తి కళ్లు సన్నగా చేశాడు. వెంటనే రెండు పిల్లలూ అలాగే చేశాయి! ఒకటి కొంచెం వంకరగా, తల పక్కకి వాలిపోయి. అయినా కదల్లేదు. కాకి అటూ ఇటూ చూసి వెళ్లిపోయింది. తండ్రి చేసేదాకా ఆగి చేశాయా, వాటంతట అవే చేశాయా అన్నది తెలీదు కానీ మా అమ్మాయి మాత్రం “నాన్నని చూసి నేర్చుకున్నాయి” అంటోంది.

నల్లమల_నాని
ఇంకా తోక కూడా పూర్తిగా రాని వయసులో మోడు వేషం వచ్చేసింది! ఆ వంకర తలది ఫొటో ఉంటే పెట్టండి.

కృష్ణవేణి_బ్రిస్బేన్
ఇంకో వారం పది రోజుల్లో గూడు వదులుతాయి వాసు గారూ. పుట్టిన 25 నుంచి 35 రోజుల మధ్య ఎప్పుడైనా. గూడు వదిలేనాటికి పెద్దవాటిలో సగం బరువు ఉంటాయి అంతే. తోక పొట్టిగా ఉంటుంది, ఎగరడం సరిగ్గా రాదు. కొమ్మ మీంచి కొమ్మకి దూకబోయి కింద పడతాయి. అప్పుడే జనం కంగారుపడి ఇంట్లోకి తీసుకుపోతారు. ఈసారి పడితే బుట్ట అక్కర్లేదు. తువ్వాలుతో ఎత్తి అందినంత ఎత్తు కొమ్మ మీద కూర్చోబెట్టండి. పిల్లుల్ని, కుక్కల్ని ఇంట్లో ఉంచమని పక్కింటివాళ్లకి ఇప్పుడే చెప్పండి.

వెంటీ_వాసు
పక్కింట్లో పెద్దావిడ దగ్గర పిల్లి ఉంది. అమ్మకి ఇంగ్లీషు అంతంతమాత్రం. అయినా తనే వెళ్లి ఫోన్లో ఫొటో చూపించి, చేత్తో పిల్లిని చూపించి, తలుపు మూసినట్టు చూపించిందట. ఆవిడ పిల్లిని రాత్రిళ్లు లోపలే ఉంచుతోంది. ఇప్పుడు సాయంత్రం ఆవిడ కూడా కుర్చీ తెచ్చుకుంటోంది.

పెర్త్_పద్మ
ఈ థ్రెడ్‌లో నాకు అన్నిటికంటే నచ్చిన పోస్టు ఇది.

చెట్టుకింద
ఆస్ట్రేలియాలో గార్డియన్ పత్రిక వాళ్లు, బర్డ్‌లైఫ్ అనే పక్షుల సంస్థ వాళ్లు పెట్టే ఓటింగ్‌లో 2025 సంవత్సరపు పిట్టగా గెలిచింది ఇదే. అమ్మగారికి చెప్పండి.

రాజమండ్రి_రమణ
పిన్నిగారి ఓటు కూడా కలపండి.

వెంటీ_వాసు
నిన్న రాత్రి పెద్దది గూడు వదిలింది. పొద్దున బుట్టలో ఒకటే ఉంది, గుండె ఆగినంత పనైంది. చూస్తే రెండు కొమ్మల అవతల తల్లిపిట్ట పక్కన ఉంది. రెండోది మా పిల్ల, అదే పడిపోయినది. ఇవాళంతా బుట్ట అంచు మీదికి ఎక్కుతోంది, రెక్కలు విదిలిస్తోంది, మళ్లీ లోపలికి దిగుతోంది. తండ్రి పురుగు నోట్లో పట్టుకుని ఎదురుకొమ్మ మీద కూర్చున్నాడు, తెచ్చివ్వడం లేదు.

డాక్టర్_సుధ
దగ్గరే ఉండి తెచ్చివ్వకపోతే పిల్లే వస్తుంది. చూస్తూ ఉండండి.

వెంటీ_వాసు
దూకింది. కొమ్మ అందలేదు, కింద కొమ్మకి తగిలి, అక్కడ రెక్కలు కొట్టుకుంటూ పట్టుకుంది. మా అమ్మ “అమ్మో” అని అరిచేసరికి మేమంతా ఉలిక్కిపడ్డాం, అది మాత్రం పడలేదు. తండ్రి దిగి వచ్చి పురుగు పెట్టాడు.

మెల్బోర్న్_మధు
మా బాబుకి చదివి వినిపించాను. మాగ్‌పై గురించి ఎప్పుడూ మాట్లాడనివాడు ఇవాళ మాట్లాడాడు. థాంక్స్ వాసు గారూ.

వెంటీ_వాసు
మధు గారూ, మీ బాబుని ఎప్పుడైనా సిడ్నీ తీసుకురండి, మా పెరట్లో కుర్చీలు చాలానే ఉన్నాయి.

ఈ ఉదయం నాలుగూ వెనక కంచె దగ్గర చెట్టు మీద ఒకే కొమ్మ మీద ఉన్నాయి. అటు చివర అమ్మ, ఇటు చివర నాన్న, మధ్యలో రెండూ. సందు లేకుండా ఆనుకుని ఉన్నాయి. తెలియనివాళ్లు చూస్తే నాలుగు ఎండుకొమ్మలే. ఇంకా ఎన్నాళ్లు ఇలా ఉంటాయి?

కృష్ణవేణి_బ్రిస్బేన్
కొన్ని వారాలు అమ్మానాన్నా తెచ్చిపెడతారు, ఆ లోపల వాటి పక్కనే ఉండి వేటాడటం నేర్చుకుంటాయి. కొమ్మ మీద కదలకుండా కూర్చుని, నేల మీద కదిలేదాన్ని చూసి దూకడమే వాటి వేట. వీధిదీపాల కింద పురుగుల కోసం దిగి కార్ల కింద పడేది ఈ వయసులోనే. మీ వీధిలో రాత్రిపూట నెమ్మదిగా నడపమని చెప్పండి. పెరట్లో లైటు అవసరం లేనప్పుడు ఆపెయ్యండి.

వెంటీ_వాసు
సరే అక్కా. ఆఖరి ప్రశ్న. బుట్ట తీసెయ్యనా? అమ్మ వచ్చే నెల తెనాలి వెళ్లిపోతోంది, తన బుట్ట అలాగే ఉంచమంటోంది.

కృష్ణవేణి_బ్రిస్బేన్
ఉంచండి. తీగ ఒరుసుకుని కొమ్మ కోసుకుపోతోందేమో ఒకసారి చూసుకోండి, చెట్టు లావయ్యేకొద్దీ వదులు చెయ్యాలి. వచ్చే ఆగస్టులో అందులో రెండు పుల్లలు కొత్తగా కనిపిస్తే ఇక్కడ రాయండి.

వెంటీ_వాసు
రాస్తాను. అమ్మకి తెనాలికి ఫోన్ చేసి చెప్పాక.